పసుపు తాకిన పంచె తెల్లది కాదు: వేవ్‌ఫామ్ చూసుడు నేను ఎట్ల నేర్చుకున్న

రెండేండ్ల కింద తిప్పర్తి దిక్కు ఒక ఊళ్లె పెళ్లి వీడియో తీసినం, నేను క్యాండిడ్, మా తమ్ముడు ట్రెడిషనల్. మిక్సింగ్ అంతా అయినంక పెన్ డ్రైవ్ పట్టుకొని నేనే పోయిన, ఇంటోళ్లందరు కూసొని మొదటిసారి చూస్తుంటే పక్కన ఉండాలని నాకు ఎప్పటికీ ఆశ. పిల్ల నాయిన టీవీకి పెట్టిండు, పక్కిండ్ల ఆడోళ్లు కూడ వచ్చి కూసున్నరు. తలంబ్రాల కాడికి వచ్చేసరికి పిల్ల నాయనమ్మ లేచి టీవీ ముందటికి పోయి, కండ్లద్దాలు సర్దుకొని చూసి, "నేనేడున్న బిడ్డా, చీర అంచు కనవడ్తుంది గని నా మొఖమే లేదు" అన్నది. నిజంగనే లేదు. అవ్వ మండపం స్తంభం నీడల నిలవడి ఉన్నది, చామనఛాయ కంటె జర ముదురు రంగు మనిషి, నా సిస్టంల చూసినప్పుడు నుదుటి మీద ముడుతలు సుత లెక్కపెట్టొచ్చు, ఆ టీవీల మాత్రం ముక్కుపుడక మెరుపు ఒక్కటే ఉంది. అటు పిల్లగాని పంచె చూస్తే సున్నం కొట్టిన గోడ లెక్క, ఒక్క మడత కనవడ్తలేదు.

వాళ్లు ఏం అనలేదు, అన్నం తిని పొమ్మన్నరు. నాకే ముద్ద దిగలేదు.

నల్గొండకు వచ్చి, మా యూనిట్ గడియారం సెంటర్ దగ్గర్నే ఉంటది, రాత్రికి రాత్రి ప్రాజెక్టు మళ్ల తెరిచిన. నేను గ్రేడింగ్, అంటే వీడియోల వెలుగు, రంగు సర్దుడు, చేసేది డావిన్సీ రిజాల్వ్ అనే సాఫ్ట్‌వేర్‌ల, ఫ్రీ వెర్షన్. అందుల స్కోప్స్, అంటే బొమ్మల వెలుగు, రంగు ఎంతుందో కొలిచి చూపెట్టే గ్రాఫులు, ఉంటయని తెలుసు, యూట్యూబ్ల ఎవరో చెప్తే ఒకసారి తెరిచి, ఆకుపచ్చ గీతలు చూసి మూసేసిన, కన్ను ఉండంగ ఇవన్నీ ఎందుకు అనుకున్న. ఆ రాత్రి తెరిస్తే రెండు తప్పులు బయటపడ్డయి, రెండూ నావే. ఒకటి, లైట్లన్నీ బంద్ చేసి చీకటి రూంల మానిటర్ బ్రైట్‌నెస్ ఫుల్ పెట్టుకొని కూసునేటోన్ని. గంట సేపు అట్ల చూస్తే కన్ను ఆ వెలుగుకు అలవాటు పడ్తది, చీకట్ల ఉన్నదంతా మంచిగనే కనవడ్తున్నట్టు ఉంటది, ఇంకా కిందికి గుంజుతం. రెండోది ఇంకా పెద్దది. ఫైల్ ఎక్స్‌పోర్ట్ చేసే డెలివర్ పేజీల డేటా లెవెల్స్ అని ఒకటి ఉంటది, ఆటో, వీడియో, ఫుల్ అని. ఫుల్ అంటే ఫుల్ క్వాలిటీ కావచ్చు అనుకొని ఎప్పటి నుంచో అదే పెట్టుకుంట వస్తున్న.

దీని గురించి జర వివరంగ చెప్పాలె, ఎందుకంటే మన జిల్లాల చాలమందికి ఇదే బాధ ఉందని నాకు అనిపిస్తది, ఏ ఫోటో స్టూడియోల కూసున్నా "సిస్టంల మంచిగుంది, టీవీల నల్లగైంది" అనే మాట ఇనవడ్తది. 8 బిట్ వీడియోల ఒక్కొక్క రంగుకు 0 నుంచి 255 దాక మెట్లు ఉంటయి. కంప్యూటర్‌కు 0 అంటే నలుపు, 255 అంటే తెలుపు. కాని టీవీ లెక్క వేరే, దానికి 16 నలుపు, 235 తెలుపు. 1982ల రెక్ 601 అని డిజిటల్ వీడియోకు ఒక స్టాండర్డ్ వచ్చింది, అప్పట్ల అనలాగ్ సిగ్నల్ పైకీ కిందికీ ఎగిరేది కాబట్టి అటు ఇటు కొంత జాగ వదిలిపెట్టిండ్రు, తర్వాత హెచ్‌డీకి 1990ల వచ్చిన రెక్ 709 కూడ అదే పట్టుకున్నది. 10 బిట్‌ల అయితే మెట్లు 0 నుంచి 1023 దాక, అందుల టీవీ నలుపు 64, తెలుపు 940 అయితయి. ఇప్పుడు నేను 0 నుంచి 255 దాక పరిచి ఫైల్ ఇస్తే, ఇది ఫుల్ అని ఫైల్ల రాసి ఉన్నా చాల టీవీలు పట్టించుకోకుండ వీడియో లెవెల్స్ అనుకొనే చదువుతయి. 16 కింద ఉన్నదంత ఒకే నలుపు, 235 పైన ఉన్నదంత ఒకే తెలుపు. అవ్వ మొఖంల నీడ పడ్డ భాగం 20, 25 మెట్ల మీద ఉన్నది, అది టీవీల దాదాపు సున్నాకు పోయింది. పంచె 235 నుంచి 250 నడుమ ఉన్నది, మడతలన్నీ పోయినయి. ఉల్టా కూడ అయితది, వీడియో లెవెల్స్‌ల ఉన్న క్లిప్పును సాఫ్ట్‌వేర్ ఫుల్ అనుకొని చదివితే నలుపంతా బూడిద రంగు, మబ్బు పట్టినట్టు ఉంటది.

ఈ ఉల్టా అయినదాన్ని స్కోప్‌ల పట్టుకునుడు సులువు. ఒక కెమెరా క్లిప్పులు ఎన్ని చూసినా నలుపు 64 కిందికి దిగకుండ, తెలుపు 940 దగ్గర్నే కొలిచి కోసినట్టు ఆగిందంటే అది లైటింగ్ తప్పు కాదు, లెవెల్స్ తప్పుగ చదివిందని. పర్సెంటేజ్‌ల చూస్తే 6 దగ్గర, 92 దగ్గర. క్లిప్ మీద రైట్ క్లిక్ కొట్టి క్లిప్ అట్రిబ్యూట్స్‌ల వీడియోకు మార్చుకుంటే దాని జాగలకు అది పోతది. అది చూడకుండ కాంట్రాస్ట్ గుంజి సర్దుకునేటోళ్లను చూసిన, నేనూ చేసిన, ఒక్క షాట్‌కు సర్దుతది, తర్వాతి షాట్‌కు మళ్ల మొదటికి వస్తది.

మొత్తం మూడు గంటల వీడియో మళ్ల చేసి, వీడియో లెవెల్స్‌ల ఎక్స్‌పోర్ట్ కొట్టి పట్కపోయి ఇచ్చిన. అవ్వ మొఖం కనవడ్డది. ఆ తర్వాత నుంచి స్కోప్స్ తెరవకుండ ఒక్క ప్రాజెక్టు చేయలేదు.

స్కోప్స్‌ల మొదట చూసేది వేవ్‌ఫామ్, బొమ్మల వెలుగు చూపెట్టే గ్రాఫ్, దానికి భయపడేది ఏం లేదు. బొమ్మల ఎడమ దిక్కు ఉన్నది గ్రాఫ్‌ల కూడ ఎడమ దిక్కే ఉంటది, కుడి ఉన్నది కుడికే. ఎత్తు మాత్రం బొమ్మల ఎత్తు కాదు, వెలుగు. కింద 0 అంటే నలుపు, పైన 100 అంటే తెలుపు, రిజాల్వ్‌ల 0 నుంచి 1023 అని చూపెడ్తది, సెట్టింగ్‌ల పర్సెంటేజ్ పెట్టుకోవచ్చు. మండపం షాట్ తీసుకోండ్రి, ఎడమకు పిల్ల, కుడికి పిల్లగాడు, నడుమ తెర. గ్రాఫ్‌ల కుడి దిక్కు పైన గుంపుగ కనవడేది పంచె, అట్టడుగున పల్చగ పారేది జుట్టు, నడుమల పొగ లెక్క రెండు ముద్దలు కనవడ్తయి చూడు, అవి మొఖాలు. నేను జుట్టును 3, 5 దగ్గర ఉంచుత, సున్నా చేయ. పంచెను 85, 90 దగ్గర ఆపుత. పైన మిగిలిన జాగ బంగారం మెరుపుకు, బల్బులకు, ఫోటోగ్రాఫర్ ఫ్లాష్‌కు. లిఫ్ట్‌తోని నలుపు, గెయిన్‌తోని తెలుపు పెట్టుకొని తర్వాత గామాతోని నడుమది సర్దుత, ఒకటి కదిలిస్తే ఇంకోటి కదుల్తది కాబట్టి రెండు మూడు సార్లు తిరగాల్సి వస్తది, అది మామూలే. పైన గీత మందంగ, బల్లపరుపుగ ఉన్నదనుకో, గెయిన్ కిందికి గుంజి చూడు. గీత విడిపోయి పోగులు పోగులుగ అయితే లోపల డీటెయిల్ బతికే ఉన్నట్టు. అట్లనే బల్లపరుపుగనే కిందికి దిగితే కెమెరాలనే కాలిపోయింది, ఇగ దాని మీద టైం పెట్టొద్దు. ఎస్‌లాగ్3ల, అంటే సోనీ కెమెరాలల్ల బొమ్మను చప్పగ రికార్డు చేసే మోడ్‌ల, తీసినోళ్లకు ఒక మాట, అందుల 18 శాతం గ్రే, అంటే నడిమి బూడిద రంగు, 41 దగ్గర, తెల్ల కాగితం 61 దగ్గర ఉంటది, 709కి మార్చక ముందు చూసి అండర్ ఎక్స్‌పోజ్ అయిందని భయపడొద్దు.

ఇప్పుడు మొఖాల సంగతి. నేను ఈ పోస్టు రాసేది అసలు దీనికోసమే. పాత కెమెరామెన్లు కెమెరాల జీబ్రా, అంటే పెట్టుకున్న వెలుగు ఉన్నకాడ చారలు చూపెట్టేది, 70కి పెట్టుకోమని చెప్పేటోళ్లు, మొఖం మీద వెలుగు పడ్డకాడ చారలు వస్తే ఎక్స్‌పోజర్ కరెక్ట్ అని. ఆ 70 తెల్లతోలు మనుషులను చూసి పెట్టిన లెక్క. మన నల్గొండ, పాలమూరు మనుషులను 70కి లేపితే ఏమైతది, మొఖం మీద నీడలు పోయి, చర్మం పిండి రాసినట్టు బూడిదగ అయితది, వెనుక మండపమంత కాలిపోతది. నేను మస్తు షాట్లు కొలిచి చూసుకున్న, మన మొఖాలు ఎక్కువ శాతం 35 నుంచి 55 నడుమల మంచిగ ఉంటయి, ఎండల నాట్లేసే మనిషి 35 దిక్కు, నీడపట్టున ఉండే మనిషి 55 దిక్కు. కొలుసుడు ఎట్లనంటే, సైజింగ్‌ల మొఖం ఫ్రేమ్ నిండేదాక జూమ్ చేస్తే స్కోప్‌ల మొఖం ఒక్కటే మిగుల్తది, నంబర్ చూసుకొని జూమ్ తీసేయాలె. ఒకే ఇంట్ల తండ్రి 38, కూతురు 50 ఉండొచ్చు, ఇద్దరినీ ఒకే ఎత్తుకు తెచ్చుడు గ్రేడింగ్ కాదు. "జర తెల్లగ చెయ్యి తమ్మీ" అని అడుగుతరు, ముఖ్యంగ పిల్ల దిక్కోళ్లు. నేను ఏం చెప్తనంటే, అక్కా, వెలుగు పెంచుత, రంగు మార్చ. మొఖం మీదికి ఒక విండో వేసి 4, 5 పాయింట్లు గామా లేపుత, కండ్లల్ల మెరుపు వస్తది, మొఖం కళగ కనవడ్తది, కాని మనిషి అదే మనిషి. ఇరవై ఏండ్లకు ఆ పిల్ల బిడ్డ ఈ వీడియో చూసి మా అమ్మ ఇట్లున్నది అనుకోవాలె కద, అప్పుడు స్క్రీన్ మీద ఇంకెవరో ఉంటే ఆ వీడియో ఎందుకు.

వెక్టర్‌స్కోప్ ఇక్కడ నాకు ఎంత సాయం చేసిందో చెప్పలేను. అది గుండ్రంగ ఉంటది, వెలుగు చూపెట్టదు, రంగు ఏ దిక్కు ఉంది, ఎంత చిక్కగ ఉంది అన్నదే చూపెడ్తది. నడుమల ఉంటే రంగు లేనట్టు, అంచు దిక్కు పోయినకొద్ది చిక్కన. సెట్టింగ్‌ల స్కిన్ టోన్ ఇండికేటర్ ఆన్ చేస్తే ఎరుపుకూ పసుపుకూ నడుమల ఒక గీత వస్తది. తెల్లోళ్లయినా నల్లోళ్లయినా, దేశం ఏదైనా, చర్మం రంగు ఆ గీత దగ్గర్నే పడ్తది. తేడా అంతా వెలుగుల, చిక్కదనంలనే ఉంటది, దిక్కుల ఎక్కువ ఉండదు. మొదటిసారి అవ్వ మొఖాన్నీ, హైదరాబాద్ నుంచి వచ్చిన చుట్టం పిల్ల మొఖాన్నీ ఒకదాని తర్వాత ఒకటి జూమ్ చేసి చూస్తే రెండూ అదే గీత మీద కూసున్నయి, ఆ రోజు చానసేపు అట్లనే చూసుకుంట ఉన్న.

పాలమూరు పోయి పిల్లలమర్రి దిక్కు చెట్ల నీడల ఒక ప్రీ వెడ్డింగ్ చేసినం, పచ్చటి ఆకుల నుంచి వెలుగు కొట్టి మొఖాలన్నీ ఆకుపచ్చగ తిరిగినయి. కంటికి పది నిమిషాలల్ల అలవాటు అయిపోయింది, పచ్చదనమే కనవడ్తలేదు, కాని వెక్టర్‌స్కోప్‌ల చర్మం ముద్ద గీత దాటి ఆకుపచ్చ దిక్కు ఒరిగి ఉన్నది. గామా చక్రాన్ని జరంత మెజెంటా దిక్కు నూకితే వచ్చి గీత మీద పడ్డది, అప్పుడు బిఫోర్, ఆఫ్టర్ చూస్తే ముందటిది కామెర్లు వచ్చినట్టు ఉంది. అయితే ఒకటి, మంగళస్నానం షాట్‌ల పిల్లకు నలుగు పెట్టినంక మొఖం గీత దాటి పసుపు దిక్కు ఉంటది, దాన్ని గుంజి గీత మీదికి తేవొద్దు, అది నిజంగనే పసుపు, ఉండనియ్యాలె.

ఈ పసుపు నన్ను ఇంకోకాడ కూడ ముంచింది. ఆర్‌జీబీ పరేడ్ అని ఉంటది, ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు వేవ్‌ఫామ్‌లు పక్కపక్కన. తెల్ల వస్తువు ఉన్నకాడ మూడు ఒకే ఎత్తుల ఉంటే వైట్ బ్యాలెన్స్ సరిగ్గున్నట్టు. తమ్ముని కెమెరా, నా కెమెరా కలుపుడు దీనితోనే అయితది. నేను పెళ్లిపిల్లగాని పంచె పట్టుకొని మూడింటినీ సమానం చేసిన. బొమ్మంతా నీలంగ అయింది, మొఖాలు చలికి వణికినట్టు. గెయిన్ అటు తిప్పి ఇటు తిప్పి పొద్దుగూకింది. తర్వాత జూమ్ చేసి చూస్తే ఏముంది, మధుపర్కం బట్టలకు పసుపు పెడ్తరు కద, పంచెకు పసుపు తాకి ఉన్నది. పసుపు తాకిన పంచె తెల్లది కాదు, దాని నీలం చానెల్ కిందికే ఉండాలె. అప్పటి నుంచి పంతులు భుజం మీది కండువా చూస్త, లేకుంటే స్టీలు గ్లాసు, పేపర్ ప్లేటు. అసలు మంచిది ఏందంటే షూట్‌ల ప్రతి జాగల ఒక గ్రే కార్డు, అంటే ఏ రంగు కలవని బూడిద అట్ట, కెమెరా ముందట రెండు సెకండ్లు పట్టుడు, ఎవరూ ఏమనుకోరు.

రిసెప్షన్ల ఎల్ఈడీ లైట్లు, ముఖ్యంగ నీలం. ఇది చానమంది చూడరు. మామూలు వేవ్‌ఫామ్ చూపెట్టే వెలుగుల రెక్ 709 లెక్క ప్రకారం ఆకుపచ్చ వాటా 71.5 శాతం, ఎరుపు 21, నీలం ఉత్త 7 శాతం. అంటే స్టేజీ మీద స్వచ్ఛమైన నీలం లైటు మొఖం మీద పడితే వేవ్‌ఫామ్ 10 కూడ దాటదు, చీకటిగ ఉందని మనం ఐరిస్ తెరుస్తం, అదే సమయంల పరేడ్‌ల నీలం పైకప్పుకు గుద్దుకొని ఉంటది. మొఖంల ఉన్న డీటెయిల్ అంత ఆ ఒక్క చానెల్‌లనే కద, అది కాలితే ముక్కు, చెంప, గదుమ అన్నీ కలిసిపోయి నీలం పెయింట్ పూసినట్టు అయితది. తర్వాత కూసొని చేసేది చాల తక్కువ, ఎరుపు, ఆకుపచ్చల ఏమన్న మిగిలి ఉంటే ఆర్‌జీబీ మిక్సర్‌తోని కొంత తెచ్చుకోవచ్చు. అందుకే నేను డీజే లైట్ల తమ్మున్ని ముందే బతిలాడుకుంట, అన్నా అనుకుంట పోయి, పిల్ల పిల్లగాడు ఎక్కినప్పుడు ముందటి రెండు లైట్లు వామ్‌ల పెట్టమని. పది మందిల ఎనిమిది మంది పెడ్తరు.

బతుకమ్మ వీడియోల ఇదే సంగతి పసుపు దిక్కు నుంచి వస్తది. తంగేడు పువ్వు చూసిండ్రు కద, అంత చిక్కటి పసుపు. ఎండల తీస్తే పరేడ్‌ల ఎరుపు, ఆకుపచ్చ పైకి పోతయి, నీలం నేలకు అతుక్కుంటది. నేలకు అతుక్కున్నదంటే రెక్కకూ రెక్కకూ నడుమ తేడా పోయింది, బతుకమ్మ మీద పసుపు ముద్ద మిగుల్తది. సాచురేషన్, అంటే రంగు చిక్కదనం, ఇంకా పెంచితే పండుగ కళ వస్తది అనుకుంటరు, నేను పోయిన యాడాది ఉల్టా చేసిన, పసుపు ఒక్కదాన్ని పట్టుకొని సాచురేషన్ దించుకుంట పరేడ్ చూసిన, నీలం నేల ఇడిచి ఒక వేలెడంత లేవంగనే తంగేడు రెక్కల మీద సన్న ఈనెలు, నడుమ గునుగు పువ్వు కుచ్చులు విడివిడిగ వచ్చినయి. మా అమ్మ పక్కనుంచి చూసి, "గిప్పుడు పేర్చినట్టున్నది" అన్నది.

స్కోప్ చెప్పింది కదా అని ప్రతి షాట్‌ను 0 నుంచి 100 దాక సాగదీయొద్దు. బోనాల కాడ మైసాచి పొగల తీసిన షాట్‌ల నలుపు అన్నదే ఉండదు, గ్రాఫ్ 15 నుంచి 60 నడుమ గాలిల తేలుతది. అది అట్లనే ఉండాలె. కిందికి గుంజి సున్నాకు అతికిస్తే పొగ మాయమై, అమ్మవారి ముందట మనుషులు ఊకెనే నిలవడ్డట్టు ఉంటది. ఫ్రేమ్‌ల నిజంగ నల్లటిది, నిజంగ తెల్లటిది ఉన్నదా అని ముందు బొమ్మ చూసి, తర్వాతనే గ్రాఫ్ చూడాలె.

రూం కూడ మార్చిన. చీకట్ల కూసుంట లేను, మానిటర్ వెనుక గోడకు 6500 కెల్విన్ తెల్ల ఎల్ఈడీ పట్టీ అతికించిన, మానిటర్ బ్రైట్‌నెస్ తగ్గించిన, రెక్ 709 పనికి 100 నిట్స్ (స్క్రీన్ వెలుగు కొలత) సాలు. గంటకొకసారి లేచి బయటికి పోయి గడియారం దిక్కు చూసి వస్త, కన్ను మళ్ల కొత్తగ అయితది.

ఇంకొకటి, ఇది నా సొంతం. ప్రతి పెన్ డ్రైవ్ల వీడియోకు ముందు 15 సెకండ్ల చిన్న క్లిప్పు వేరే ఫైల్‌గ పెడ్త. అందుల కింద వరుసల 0, 3, 6, 9 శాతం నలుపు పెట్టెలు, పై వరుసల 91, 94, 97, 100 తెలుపు పెట్టెలు. ఇంటికి పోయి ముందు అది ప్లే చేస్త. పెట్టెలు కలిసిపోతే టీవీల పిక్చర్ మోడ్ వివిడ్ల ఉన్నదా చూస్త, ఎక్కువ శాతం అట్లనే ఉంటది, స్టాండర్డ్‌కో సినిమాకో మార్చి బ్లాక్ లెవెల్ సెట్టింగ్ ఒకసారి చూస్త. 3కూ 6కూ నడుమ గీత కనవడ్డదంటే అప్పుడు పెద్దోళ్లను ముందు కుర్చీల కూసోమని చెప్పి, పెళ్లి ఫైల్ తెరుస్త.